కొత్త జావా, మా పాత యెజ్డీ

నారళీ పున్నమ నాడు మార్కండేయ రథం మా పేట దాటి పోయినంక, మా గల్లీలో రెండు మోటరు సైకిళ్లు పక్కపక్కన నిలబడి ఉండె. ఒకటి 1979 నాటి యెజ్డీ. నాది అంటాను గాని అది పూర్తిగా నాది కాదు. ఆ సంగతి తర్వాత చెప్తాను. రెండోది కొత్త జావా, మెరూన్ రంగు, ట్యాంకు పక్కలకు అద్దం లాంటి మెరుపు. అది నా దోస్తు కొడుకుది.

పిల్లలంతా కొత్త దాని చుట్టూ మూగిన్రు. మా ఈడు వాళ్లంతా పాత దాని దగ్గర నిలబడి సీటు మీద చెయ్యి వేసి చూసిన్రు. అందరూ నన్ను అడిగేది ఒకటే ప్రశ్న: "ఏది మంచిది కాకా?" 2018లో జావా మళ్లీ వచ్చిన్నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. మన సోలాపూర్ పూర్వ భాగంలో పాత యెజ్డీని ఇంకా ఇంట్లో పెట్టుకున్న వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందుకే కొత్త బండి ఎవరు కొన్నా ఒకసారి నాకు చూపించి పోతారు, అమ్మాయిని చూపించినట్టు. పత్రిక వాళ్లు "నువ్వే రాయి" అన్నారు. నేను నాలుగో తరగతి దాకా చదివినోణ్ణి. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

ముందు ఆ బండి పుట్టుక రెండు మాటల్లో. జావా అంటే మనోళ్లు చాలా మంది జావా ద్వీపం అనుకుంటారు. నేను కూడా ముప్పై ఏళ్లు అట్లనే అనుకున్న. కాదంట. చెక్ దేశంలో యానెచెక్ అనే ఆయన 1929లో వాండరర్ అనే జర్మన్ కంపెనీ బండిని తయారు చేసే హక్కు కొన్నాడు. ఆయన పేరులో మొదటి అక్షరాలు, ఆ కంపెనీ పేరులో మొదటి అక్షరాలు కలిపి జావా. మన దేశంలో ఇరానీ కుటుంబం వాళ్లు మైసూరులో ఐడియల్ జావా అని ఫ్యాక్టరీ పెట్టి 1961 నుంచి ఈ బండ్లు తీసిన్రు. 1970ల నుంచి అదే బండికి యెజ్డీ అని పేరు వచ్చింది. ఇరాన్‌లో యజ్ద్ అని ఒక ఊరు ఉంది, ఆ ఊరి పేరు అది. ఆ ఊరు మనం చూడలేదు, కాని ఆ పేరు మన గిర్నీ గేటు ముందర ఎంత మందిని మోసిందో.

మా గిర్నీలో నేను 1979లో బదిలీ పని మీద చేరిన. నాకంటే ఆరు నెలల ముందు నా దోస్తు చేరిండు. ఇద్దరం లూమ్ ఖాతాలోనే. ఇద్దరికీ పర్మనెంట్ అయినంక 1986లో ఒక నూలు వ్యాపారి దగ్గర పనిచేసే గుమాస్తా తన యెజ్డీ అమ్ముతున్నాడని తెలిసింది. ధర 6,500 రూపాయలు. ఒక్కని చేతిలో అంత లేదు. నేను భిశీ ఎత్తి 3,250 పెట్టిన, వాడు భార్య గొలుసు కుదువ పెట్టి 3,250 పెట్టిండు. నాకు అప్పటికి లైసెన్సు లేదు. అందుకని బుక్కు వాని పేరు మీద చేయించినం. "పేరుదేముందిరా, బండి ఇద్దరిదీ" అన్నాడు. నేను కూడా అదే అన్న.

ఇద్దరు మనుషులకు ఒక బండి ఎట్ల సరిపోతుంది అని మీరు అడుగుతారు. మా ఇద్దరి పాళీలు వేరు. వాడు మొదటి పాళీ అయితే నేను రెండో పాళీ. వాడు పొద్దున బండి మీద పోయి గేటు లోపల పెడతాడు. మూడున్నరకు భోంగా కూసినప్పుడు నేను నడుచుకుంటూ పోతా. గేటు దగ్గర వాడు నా చేతిలో తాళం పెట్టి తను నడుచుకుంటూ ఇంటికి పోతాడు. రాత్రి పన్నెండు గంటలకు నేను దాని మీద వస్తా. పొద్దున మళ్లీ వాని ఇంటి ముందర. పాళీ మారిన వారం ఇదే తిరగేసి. గిర్నీలో మగ్గం ఎట్ల ఆగకుండా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతుందో అట్లనే ఆ బండి కూడా.

యెజ్డీ నడపనోళ్లకు ఒక సంగతి చెప్పాలె. దానికి ఎడమ పక్కన ఒకటే కడ్డీ. దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు. బండి స్టార్టు అయినంక మళ్లీ ముందుకు వంచితే అదే గేరు. మామూలుగా వేరే బండ్లకు ఇట్ల ఉండదు. క్లచ్ పట్టకుండా కాలితోనే గేరు మార్చొచ్చు. పెట్రోలులో ఆయిల్ కలపాలె. తక్కువైతే ఇంజను పట్టేస్తుంది, ఎక్కువైతే వెనకొచ్చే వాడు మన పొగలో మునిగిపోతాడు. 250 సీసీ, ఒకటే సిలిండరు, కాని సైలెన్సర్లు రెండు. ఆ రెండింటి చప్పుడు వింటే మా ఆడోళ్లు పొయ్యి మీద చాయ్ పెట్టేవాళ్లు. ఎవరి బండి వచ్చిందో చూడాల్సిన పని లేదు.

1989లో ఒక రాత్రి నేను మూడో పాళీకి పోయే ముందు వాని ఇంట్లోంచి కబురు వచ్చింది, కొడుకు పుట్టిండని. వాడు అప్పుడు రెండో పాళీలో ఉన్నాడు. నేను బండి మీద గేటుకు పోయి, జాబర్‌ను బతిమాలి వాణ్ణి అరగంట ముందు బయటికి తీసుకొచ్చి సివిల్ ఆస్పత్రికి తీసుకపోయిన. నా హాజరీ ఆ రాత్రి పోయింది. ఆ పుట్టిన పిల్లగాడే ఇప్పుడు కొత్త జావా కొన్నోడు.

తర్వాత కథ మీ అందరికీ తెలిసిందే. 1980ల నడుమ జపాన్ కంపెనీలతో కలిసి 100 సీసీ బండ్లు వచ్చినయి. హీరో హోండా లీటరుకు 80 కిలోమీటర్లు అని చెప్పేది. మా యెజ్డీ 30 ఇస్తే పండుగ. నాలుగు దిక్కుల హీరో హోండాలు, ఆర్‌ఎక్స్ 100లు. మా గిర్నీని సాంచాలు ఎట్ల తిన్నయో యెజ్డీని ఆ బండ్లు అట్ల తిన్నయి. పొగ మీద సర్కారు నియమాలు కూడా గట్టిపడ్డయి. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడ్డది. మా గిర్నీ భోంగా దానికంటే కొంచెం ముందే ఆగింది. ఏ గిర్నీ అని పేరు రాయను. ఏ గిర్నీ పేరు రాసినా కథ ఒక్కటే కదా. గ్రాచ్యుటీ కాగితాలు పట్టుకొని మేము తిరిగిన ఏళ్ల గురించి ఇంకోసారి రాస్తా.

గిర్నీ మూసినంక ఇద్దరం సాంచాల మీద చేరినం. యెజ్డీ వెనక చాదర్ల గఠడీలు కట్టుకొని చాటీ గల్లీకి వేసి వచ్చేవాళ్లం. ఒక్కసారికి ఎంత బరువు ఎత్తినా అది మూలగలేదు. మనం మూలిగినం. 2003లో నా దోస్తు ఛాతీ జబ్బుతో పోయిండు. బండి నా ఇంటి ముందర ఉండిపోయింది.

ఇక కొత్త దాని సంగతి.

2018 నవంబరు 15న ముంబైలో జావాను మళ్లీ బయటికి తెచ్చిన్రు. తెచ్చింది క్లాసిక్ లెజెండ్స్ అనే కంపెనీ. అందులో పెద్ద వాటా మహీంద్రా వాళ్లది. మైసూరు ఫ్యాక్టరీ పెట్టిన ఇరానీ గారి కొడుకు బొమన్ ఇరానీ కూడా ఒక భాగస్వామి. సినిమా యాక్టరు కాదు, ఆయన వేరు. జావా పేరు వాడుకోవడానికి చెక్ కంపెనీ నుంచి అనుమతి తీసుకున్నారు. బండ్లు తయారయ్యేది మైసూరులో కాదు, మధ్యప్రదేశ్‌లో పీథంపూర్‌లో. మొదట చెప్పిన ధర జావాకు 1 లక్షా 64 వేలు, ఫార్టీ టూ అనే దానికి 1 లక్షా 55 వేలు. 5,000 కట్టి బుక్ చేసుకోమన్నారు. జనం ఎంత ఎగబడ్డరంటే 2019 సెప్టెంబరు దాకా తయారయ్యే బండ్లన్నీ అప్పుడే బుక్ అయినయని చెప్పి డిసెంబరు 25న ఆన్‌లైన్ బుకింగ్ ఆపేసిన్రు. చేతికి బండ్లు రావడం 2019 మార్చి చివర్లో మొదలైంది. నెలల తరబడి ఎదురుచూసిన వాళ్లకు అసంతృప్తి ఉండె. కాని నాకు అందులో ఒక తమాషా కనబడ్డది. 1996లో కొనేవాడు లేక మూసిన పేరు కోసం ఇరవై రెండేళ్ల తర్వాత జనం లైన్లో నిలబడ్డరు.

కొత్త దాంట్లో ఏముంది? 293 సీసీ ఇంజను, నాలుగు స్ట్రోకులది, నీళ్లతో చల్లారేది. ముందర చక్రం వెనకాల రేడియేటరు ఉంటుంది, నల్లగా కలిసిపోయి కనబడదు. ఆరు గేర్లు. 27 హార్స్‌పవరు. బటన్ నొక్కితే స్టార్టు, కిక్కు లేనే లేదు. ఆయిల్ కలపడం లేదు. ఏబీఎస్ బ్రేకు. ఒక్కటే సిలిండరు అయినా పాత దాని లెక్కనే రెండు సైలెన్సర్లు పెట్టిన్రు. ట్యాంకు గుండ్రంగా, హెడ్‌లైటు గుండ్రంగా, బంగారు గీతలు. దూరం నుంచి చూస్తే మా యెజ్డీకి అన్న వచ్చినట్టే ఉంటుంది.

పాత బండ్లోళ్లు ఏమన్నారో చెప్తా. మా పేటలోనే ఒక పెద్దమనిషి ఉన్నాడు, లారీ నడిపి రిటైరు అయినాయన. ఆయన దగ్గర యెజ్డీ కంటే ముందటి అసలు జావా ఉండె. కొత్త దాని మీద కూర్చోమంటే చెప్పులు విడిచి కూర్చున్నాడు. ట్యాంకు మీద అరచెయ్యి పెట్టిండు. కళ్లు మూసుకొని, "స్టార్ట్ చెయ్యి" అన్నాడు. పిల్లగాడు బటన్ నొక్కిండు. ఆయన కాసేపు విని, "అంతా ఉంది. వాసన లేదు" అన్నాడు. కాలిన ఆయిల్ వాసన. మనకు అది పొగ. ఆయనకు అది పాతికేళ్ల వయసు. సర్కారు నియమాలు ఆ వాసనను మళ్లీ రానియ్యవు, రాకపోవడమే మంచిది. మన గిర్నీ దూది ధూళిలో కూడా ఒక వాసన ఉండె. అది మళ్లీ కావాలని నేనైతే అడగను.

మా గ్యారేజీ మేస్త్రీది వేరే లెక్క. యెజ్డీ ఇంజను కళ్లు మూసుకొని విప్పి బిగిస్తాడు. మైసూరు మూతపడ్డ తర్వాత సామాన్లు దొరక్క పాత బండ్ల నుంచి తీసి, లేత్ మీద కోయించి, ఎట్లనో ఇన్నేళ్లు మా బండ్లను బతికించినోడు. అతను కొత్త దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి చూసి, లేచి చేతులు తుడుచుకున్నాడు. "మంచి ఇంజను. పాత దానికంటే గట్టిగా లాగుతుంది, బ్రేకు మంచిది. కాని కాకా, ట్యాంకు మీద ఆ నాలుగు అక్షరాలు లేకపోతే మీరు దీన్ని ఇంతసేపు చూసేవాళ్లా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. కాసేపాగి అతనే మళ్లీ, "నాకు మాత్రం దీంట్లో పని లేదు. దీనికి పానాతో పాటు కంప్యూటరు కావాలె" అని నవ్విండు.

మా ఇంటామె అభిప్రాయం చిన్నది. వెనక సీటు మీద కూర్చొని దిగి, "పాత దాని మీద నేను, ఇద్దరు పిల్లలు, బియ్యం సంచి కూర్చుంటిమి. ఇది మొగుడూ పెండ్లాల బండి" అన్నది.

బెంగళూరులో మా పెద్దమ్మ కొడుకు ఉన్నాడు. అక్కడ, మైసూరులో ప్రతి జూలై రెండో ఆదివారం జావా దినం అని పాత బండ్లోళ్లందరూ కలుస్తారు. వాళ్లలో కూడా రెండు వర్గాలు ఉన్నయంట. కొందరు కొత్త బండిని పండుగలోకి కలుపుకున్నారు. ఇంకొందరు రెండు స్ట్రోకులది కాకపోతే అది జావానే కాదంటారు. మన దగ్గర చేనేత, సాంచా కొట్లాట లాంటిదే. చేతి మగ్గం మీద నేసిందే బట్ట అనేవాడు ఒకడు, కప్పుకుంటే వెచ్చగా ఉందా లేదా చూడు అనేవాడు ఇంకొకడు.

నేను నేత పని చేసినోణ్ణి కాబట్టి నాకు పేరు అనే దాని మీదే మనసు పోతుంది. మన సోలాపురి చాదర్‌కు జీఐ గుర్తింపు ఉంది. అయినా వేరే ఊర్లో నేసిన చాదర్ మీద సోలాపూర్ అని ముద్ర కొట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. అక్కడ పేరు దొంగతనం. జావా సంగతి అట్ల కాదు, అనుమతి తీసుకొనే చేసిన్రు. అయినా యెజ్డీ పేరు మీద కోర్టుకు పోయింది. 2022 జనవరిలో యెజ్డీ పేరుతో మూడు బండ్లు వచ్చినయి. అదే ఏడు డిసెంబరులో కర్నాటక హైకోర్టులో ఒక జడ్జి గారు ఆ పేరు మూతపడ్డ పాత కంపెనీదే అని తీర్పు ఇచ్చిండు. కంపెనీ మూతపడితే దాని ఆస్తులు లిక్విడేటరు చేతిలో ఉంటయి, పేరు కూడా ఒక ఆస్తే అని. ఆ కేసులో లిక్విడేటరుతో పాటు పాత కార్మికుల సంఘం కూడా ఉండె. కొత్త కంపెనీ అప్పీలుకు పోయింది. తర్వాత పై బెంచి ఆ తీర్పును కొట్టేసి కొత్త కంపెనీకే అనుకూలంగా చెప్పింది.

కోర్టు చెప్పింది చట్టం. నేను దాని మీద మాట్లాడను. కాని ఆ వార్త మరాఠీ పేపర్లో చదివిన రోజు నాకు అన్నం పోలేదు. మైసూరులో ఆ బండ్లు బిగించిన చేతులు, ఇక్కడ మగ్గాలు నడిపిన మా చేతులు ఒక్కటే. గిర్నీ మూస్తే యంత్రాలకు, జాగకు ధర కడతారు. పేరుకు కూడా ధర ఉంటుందని మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. మేము కూడా అడగలేదు. పేరు మీద నాకు అంత ఆలోచన ఎందుకు వచ్చిందంటే, నా ఇంటి ముందర కూడా అట్లాంటి కేసే ఒకటి నిలబడి ఉంది కాబట్టి.

కొత్త జావా వచ్చినంక పాత యెజ్డీల ధరలు పెరిగినయి. ఎవరూ అడగని బండ్లను వెతుక్కుంటూ వచ్చిన్రు. పుణె నుంచి ఒకాయన మా గల్లీకి వచ్చి నా యెజ్డీ చూసి 70,000 అన్నాడు. నేను కుర్చీలోంచి లేచిన. నా పింఛను నెలకు వెయ్యి పై చిల్లర. రాత్రిళ్లు ఒక సాంచా కార్ఖానాలో కాపలా ఉంటా. 70,000 అంటే నాకు ఏమిటో మీకు వేరే చెప్పక్కరలేదు. ఆయన బుక్కు చూపించమన్నాడు. బుక్కులో నా దోస్తు పేరు. "వారసులతో సంతకం పెట్టించి తీసుకరా" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. 70,000 గురించి కాదు, 3,500 గురించి.

2003లో, నా దోస్తు పోయిన మూడు నెలలకు, ఒక భంగార్‌వాలా నా ఇంటికి వచ్చిండు. యెజ్డీకి 3,500 ఇస్తా అన్నాడు. అప్పుడు వాని భార్య రోజుకు వెయ్యి బీడీలు చుట్టి పిల్లగాణ్ణి చదివిస్తుంది. బండి అమ్మి సగం, అంటే 1,750, ఆమె చేతిలో పెట్టాల్సింది. లేదంటే బండి నేనే ఉంచుకొని 1,750 ఇవ్వాల్సింది. నేను రెండూ చేయలేదు. "దోస్తు గుర్తు, ఎట్ల అమ్ముతా" అని భంగార్‌వాలాను పంపించేసిన. గుర్తు నా దగ్గర ఉంది, ఆకలి ఆమె దగ్గర ఉంది. ఆమె ఎన్నడూ అడగలేదు కాబట్టి ఆమెకు తెలియదు అనుకున్న. ఇరవై ఏళ్లు అట్లనే అనుకున్న, జావా అంటే ద్వీపం అనుకున్నట్టు.

మరునాడు పోయిన. పుణె మనిషి సంగతి చెప్పిన. సంతకం కావాలె, వచ్చిన దాంట్లో సగం నీది చెల్లె అని చెప్పిన. ఆమె బీడీల చాట పక్కన పెట్టింది.

"సంతకం చేస్తా అన్నా. కాని భంగార్‌వాలా వచ్చినప్పుడు ఎందుకు చెప్పలే?"

నా నోట మాట రాలేదు.

"వాడు మీ ఇంటికి రాకముందు మా ఇంటికే వచ్చిండు. బుక్కు ఈయన పేరు మీద ఉందని ఎవరో చెప్పిన్రంట. బండి అన్న దగ్గర ఉంది, అన్నను అడుగు అని నేనే పంపించిన. ఆ సాయంత్రం నువ్వు వస్తావని చూసిన."

నేను ఆమె ముందర కూర్చొని నేల చూస్తున్న. ఏడుపు వస్తే బాగుండు, అది కూడా రాలేదు. తప్పయింది చెల్లె అన్న. ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు. లేచి చాయ్ పెట్టింది. చాయ్ తాగేటప్పుడు అన్నది: "బండి అమ్మకు. పిల్లగాడు దాని మీద వాళ్ల నాయనను చూస్తడు. కాని నా సగం నాకు ఇయ్యి."

ఎంత అని అడిగిన. "పుణె ఆయన చెప్పిన దాంట్లో సగం. 35,000. ఒక్కసారి నీతోని కాదు. నెలకు రెండు వేలు ఇయ్యి." బీడీ ఆకు లెక్క పెట్టినంత నిదానంగా చెప్పింది. నాకు ఆ లెక్క ఎంత నచ్చిందో చెప్పలేను. "పోనీలే అన్నా" అని ఉంటే నేను చచ్చేదాకా తల ఎత్తేవాణ్ణి కాదు.

ఇప్పటికి పదకొండు కిస్తులు కట్టిన. బుక్కు మళ్లీ చెల్లేటట్టు చేయడానికి ఆమె పేరు మీద కాగితాలు ఆర్‌టీవోలో పెట్టినం. పేరు ఆమెది, బండి మా ఇంటి ముందర. ఈసారి ఇద్దరికీ తెలిసే.

కొడుకు పుణెలో ఒక కంపెనీలో ఉన్నాడు. కొత్త జావా అప్పు మీదనే కొన్నాడు. ఎందుకు కొన్నావురా, నెలనెలా కిస్తు కట్టాలె కదా అంటే, "చిన్నప్పుడు బడి దగ్గర పిల్లలు మీ నాయనది ఏం బండి అంటే యెజ్డీ అని చెప్పేవాణ్ణి కాకా. ఎవరికీ తెలిసేది కాదు, నవ్వేవాళ్లు. ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆగితే తెలియనోళ్లు వచ్చి బండి గురించి అడుగుతున్నారు" అన్నాడు. కొత్త బండి గురించి నేను విన్న మాటల్లో నాకు అదే ఎక్కువ గుర్తుంది. మేస్త్రీ ప్రశ్నకు కూడా అదే జవాబు కావొచ్చు.

నేను కూడా దాన్ని నడిపి చూసిన, సిద్ధేశ్వర చెరువు దాకా. నిజం చెప్పాలె కదా. మెత్తగా పోతుంది. వేగం అందుకుంటే ఊపిరి ఆగుతుంది. బ్రేకు పట్టుకుంటే నమ్మకంగా ఆగుతుంది, మా యెజ్డీ బ్రేకు పట్టి దేవుణ్ణి తలుచుకోవాలె. అరవై దాటిన మోకాలికి కిక్కు లేకపోవడం ఎంత సుఖమో. కాని గేరు కోసం నా ఎడమ కాలు అలవాటుగా ఆ కడ్డీని వంచడానికి పోయింది. అక్కడ అది లేదు. రెండుసార్లు గాలినే తన్నిన.

రథం నాడు సాయంత్రం పిల్లగాడు అన్నాడు: "కాకా, నాయన బండి నేను ఒక్కసారి స్టార్ట్ చేస్తా." గల్లీ మూల దాకానే, రోడ్డు మీదికి పోవద్దు, కాగితాలు ఇంకా రాలేదు అని చెప్పిన. కడ్డీ ఎట్ల నొక్కాలో, ఎట్ల తిప్పాలో చూపించిన. మొదటి కిక్కుకు ఏమీ లేదు. రెండో కిక్కు ఎదురు తన్నింది, వాడు అబ్బా అని పిక్క పట్టుకున్నాడు. మా ఈడు వాళ్లందరూ నవ్విన్రు. ప్రతి ఒక్కడికీ ఆ దెబ్బ తెలుసు. మూడో కిక్కుకు అందుకుంది. రెండు సైలెన్సర్లూ ఒక్కసారి దగ్గి, గల్లీ అంతా నీలం పొగ.

లోపలి నుంచి వాళ్లమ్మ గడప దాకా వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని చూసింది.

"ఆయిల్ ఎక్కువ కలిపినవు అన్నా" అన్నది.

నిజమే, ఎక్కువైంది. పిల్లగాడు గేరు వేసి మెల్లగా కదిలిండు. నేను కొత్త జావా తాళం చేతిలో పట్టుకొని వాడు మూల తిరిగి వచ్చేదాకా నిలబడ్డ. వచ్చే పదో తారీకుకు పన్నెండో కిస్తు.